నడుం నొప్పికి అయస్కాంతం పరుపు కొనేముందు ఒక్కసారి చదవండి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు ఉన్న మనవాళ్లకి ఒక మాట. కల్యాణ మండపంలో ఉచిత శిబిరం పెట్టి, నడుం నొప్పికి, నిద్రలేమికి అయస్కాంతం పరుపు అమ్మేవాళ్లు వస్తే డబ్బు తియ్యకండి. నాకు 38,500 రూపాయలు పోయాయి.

నేను టైలర్ని. పదహారేళ్లు మిషన్ మీద వంగిన నడుం. డిస్కు ఉబ్బిందని బరంపురంలో స్కానింగ్ చూసి చెప్పారు. పగలు ఎలాగో గడిచిపోతుంది, రాత్రితోనే బాధ. పక్క మార్చినప్పుడల్లా మెలకువ. రెండింటికి లేచి కూర్చున్నానంటే ఇక తెల్లారినట్టే. నిద్ర లేని మర్నాడు అదే నొప్పి రెండింతలు అనిపిస్తుంది. నిద్ర తగ్గితే నొప్పిని ఓర్చుకునే శక్తీ తగ్గుతుందని డాక్టర్లూ చెబుతారు. నెలల తరబడి ఇలా గడిపినవాడు ఎవరేం చెప్పినా నమ్ముతాడు. అమ్మేవాళ్లకి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

శిబిరం ఏరు దాటి పాతపట్నంలో పెట్టారు. ఒక కుర్రాడు "బాబాయ్ గారూ, రండి" అని పిలిచి నా కుడిచెయ్యి చాపించి కిందికి నొక్కాడు. చెయ్యి వాలిపోయింది. పరుపు ముక్క మీద నిలబెట్టి మళ్లీ నొక్కాడు, ఈసారి కదల్లేదు. చుట్టూ చప్పట్లు. ఆ కిటుకు నాకు నెల తర్వాత మా మేనల్లుడి మీద చేసి చూస్తే గాని తెలియలేదు. మొదటిసారి మణికట్టు దగ్గర నొక్కాలి, రెండోసారి మోచేతి దగ్గరికి జరిగి నొక్కాలి. అంతే!

పరుపు చెక్కబల్లలా ఉంది. "గట్టిగా ఉంటేనే వెన్ను నిలబడుతుంది, పదిహేను రోజులు ఓర్చుకోండి" అన్నారు. ఓర్చుకున్నాను. నడుం నొప్పికి తోడు తుంటి, భుజం కూడా పట్టేశాయి. నర్సింగ్ చదివే మా మేనకోడలు చూపించాక తెలిసింది: స్పెయిన్‌లో ఎన్నాళ్లుగానో నడుం నొప్పి ఉన్న 313 మందిని 90 రోజులు చూసి, మరీ గట్టి పరుపు కంటే ఓ మోస్తరు గట్టిదే మేలని తేల్చారట. ఆ పరిశీలన 2003లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

ఒకరోజు ఒళ్లు మండి ఓ మూల కుట్టు విప్పాను. రంగురంగుల పాత ఫోమ్ తుక్కు జిగురుతో అతికించి నొక్కిన దిమ్మ. మధ్యలో ఫ్రిజ్ మీద అంటించే బొమ్మల వెనక ఉంటాయే, అలాంటి బిళ్లలు పద్నాలుగు. కవరు మీద గుండుసూది పెట్టి చూశాను, కాస్తయినా కదల్లేదు. సూదినే లాగలేనిది నా నడుంలో నొప్పిని లాగుతుందట.

ఫోన్ చేస్తే మొదట "అలవాటవుతుంది" అన్నారు, తర్వాత స్విచ్ఛాఫ్. ఇచ్చిన కాగితం చూస్తే బిల్లు కాదు, ఎస్టిమేట్ అని రాసిన చీటీ. జీఎస్టీ నంబరు లేదు. కింద మాత్రం 'తగాదాలకు విశాఖపట్నం పరిధి' అని అచ్చేశారు. ఒడిశాలో ఉండేవాళ్లం, అంతదూరం ఎక్కడ తిరుగుతాంలే అని మనం అక్కడే చతికిలబడతాం. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తను ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. రెండేళ్లలోపు వెయ్యాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. నేను 20,000 ఫోన్‌పేలో కొట్టాను కాబట్టి దానికి ఆధారం ఉంది. మిగతాది చేతికిచ్చాను, దాన్ని అడిగే మొహం కూడా లేదు.

ఇప్పుడు పాత దూది పరుపే మళ్లీ ఏకించి కుట్టించుకున్నాను. ఫిజియో చెప్పినట్టు పక్కకి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు, వెల్లకిలా అయితే మోకాళ్ల కింద దిండు. నాలుగు గంటలు ఏకబిగిన నిద్ర పడుతోంది. నడుం నొప్పితో పాటు జ్వరం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం లాంటివి ఉంటే మాత్రం దిండ్లూ పరుపులూ కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

వచ్చే ఆదివారం కాశీనగరంలో శిబిరమని ఆటోలో మైకు తిరుగుతోంది. వీళ్లో, వేరేవాళ్లో తెలీదు. వెళితే, చెయ్యి చాపమన్నప్పుడు ఎక్కడ నొక్కుతున్నాడో చూడండి.