తూక్: ఏడు చలికాలాలు వాడాక

ఇవాళ మా రెండు స్కిడూలూ (మంచు మీద పోయే మోటారు బళ్ళు), పక్కింటి పెద్దాయనా, నేనూ, ఒక అరిసెల డబ్బా సముద్రం అడుగున లేమంటే ఈ కర్ర వల్లే. కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది, అది తీసేసుకుని చదవండి.

తూక్ అంటే ఇన్యూట్ అనే ఇక్కడి ఆదివాసుల భాషలో మంచుగడ్డని పొడిచి చూసే కర్ర. దాదాపు మనిషెత్తు చెక్క పిడి, చివర ఉలిలాంటి ఇనుప మొన. కొలతలూ బరువూ రాయను, ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళు చేసుకునేదే.

నేనుండేది కెనడా తూర్పున లాబ్రడార్ తీరంలోని నెయిన్ అనే ఊళ్ళో. బడిలో లెక్కలు చెప్తాను. ఈ తీరంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. వేసవిలో ఓడ, మిగతా రోజుల్లో చిన్న విమానం, అదీ గాలి ఒప్పుకుంటే. చలికాలంలో సముద్రమే రోడ్డు. స్కిడూ వెనక కొమాటిక్ అనే చెక్క బండి కట్టుకుని, గడ్డకట్టిన ఉప్పునీళ్ళ మీద పక్క ఊరికి పెళ్ళికెళ్ళినట్టు వెళ్ళిపోతారు. మాకు దక్షిణాన, ముక్కుసూటిగా చూస్తే సుమారు 75 కిలోమీటర్ల దూరంలో నటువాషిష్ అనే ఊరు, అక్కడుండేది ఇన్నూ అనే వేరే ఆదివాసులు. అక్కడి క్లినిక్‌లో పనిచేసే మలయాళీ జంట మాకు చుట్టాల కింద లెక్క. ఓణానికి వాళ్ళు మా ఇంటికొస్తారు, సంక్రాంతికి మేం అరిసెలు పట్టుకుని వెళ్తాం.

ఒక చిన్న గోల. మనకి ఆకాశం నుంచి పడేదీ మంచే, నీళ్ళ మీద కట్టేదీ మంచే. ఇక్కడ ఆ రెండూ కలిపేస్తే మునిగిపోతాం. అందుకని పైన పడేదాన్ని పొడిమంచు అనీ, కింద కట్టేదాన్ని గడ్డ అనీ రాస్తున్నాను.

తూక్‌లో నాకు పిచ్చిగా నచ్చింది ఒక్కటే, దాని శబ్దం. చిన్నప్పుడు సంతలో మా అమ్మ కుండ కొనేముందు వేలితో కొట్టి చెవి పెట్టి వినేది. అచ్చం అదే. గట్టి గడ్డ మీద పొడిస్తే మొన వెనక్కి ఎగురుతుంది, ఠంగుమంటుంది, మోచేతి దాకా జివ్వుమంటుంది. పల్చటి చోట మోత చచ్చిపోతుంది. తడి గోడ మీద గుద్దినట్టు ఉంటుంది. పక్కింటి పెద్దాయన నాకు నేర్పిన లెక్క ఇది: ఒక్క పోటుకే దిగి నీళ్ళొస్తే వెనక్కి తిరుగు. రెండు మూడు పోట్లకి దిగితే నడువు, బండి తేకు. అప్పటికీ దిగకపోతే ఇంకాసేపు పొడువు, తర్వాత మాట్లాడుకుందాం.

మూడో ఏడాది ఉత్సాహం మీద, తూక్ చేతిలో ఉంటే ఇంకేమీ అక్కర్లేదని నేనే రాశాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. పైన చెప్పినది ఆయన చేతి లెక్క. చిన్నప్పటి నుంచి వేటకి తిరిగిన భుజం అది. నేను చాక్‌పీస్ పట్టే మనిషిని. ఆయన ఒక్క పోటుకి దించేదాన్ని నేను మూడు పోట్లకి దించుతాను. అంటే పల్చటి గడ్డ నా చేతికి గట్టి గడ్డలా కనపడుతుంది. ఈ సంగతి నాకు నాలుగో ఏడాదికి గానీ తట్టలేదు, లెక్కల మాస్టారిని అయ్యుండి కూడా.

ఇక మొన్నటి ఏడాది సంక్రాంతి కథ. డిసెంబరు ఆఖరు దాకా ఊరి ముందున్న బే (అఖాతం) సరిగ్గా గడ్డకట్టలేదు. కట్టిన వారానికే మోకాలిలోతు పొడిమంచు పడింది, మధ్యలో ఒకరోజు వాన కూడా. జనవరిలో వానేంటని ఊళ్ళో ముసలివాళ్ళు విసుక్కున్నారు. నాలుగు రోజులు వరసగా విమానాలు రద్దయ్యాయి. అరిసెలు చేసి పెట్టుకున్నాం. పెద్దాయనకీ నటువాషిష్‌లో పనుంది. చూద్దాం పద అన్నాడు.

దారిలో వాయిసీస్ బే నికెల్ గనికి వచ్చే ఓడ గడ్డని చీల్చిన నీళ్ళ చాలు దాటాలి. స్కిడూలు పోవడానికి దాని మీద తేలే వంతెన వేస్తారు. మొదటి ఏడాది దాన్ని చూసి నాకు కాళ్ళు వణికాయి. భయపడాల్సిన చోటు అది కాదని తర్వాత తెలిసింది. అక్కడ అందరి కళ్ళూ ఉంటాయి.

అసలు చోటు ఇంకా ముందుకి పోయాక వస్తుంది. రెండు గుట్టల మధ్య ఇరుకు కాలువ. ఇలాంటివాటిని ఇక్కడ రాటిల్ అంటారు. ఆటుపోట్లకి నీళ్ళు అందులోంచి వడిగా పోతాయి, గడ్డని అడుగునుంచి అరగదీస్తాయి. అక్కడ పల్చగా ఉంటుందని అందరికీ తెలుసు, అందుకే అందరూ దానికి ఎడంగా, ఒక పెద్ద బండరాయి దాటాక మలుపు తీసుకుంటారు. వారం కిందటి స్కిడూ జాడలు కూడా అలాగే పోయున్నాయి. ముందున్న పెద్దాయన బండరాయికి చాలా ఇవతలే ఆగిపోయాడు. ఎందుకు ఆగారని అడిగితే పొడిమంచు రంగు బాలేదన్నాడు. నాకు తెల్లగానే కనపడింది.

దిగి పారతో పొడిమంచు తీసి పొడిచాడు. ఠంగుమంది. పది అడుగులు నడిచి మళ్ళీ తీసి పొడిచాడు. మోత మారింది. ఇంకో ఐదడుగులు. ఈసారి శబ్దమే లేదు. కర్ర సగం దాకా లోపలికి జారిపోయింది, చుట్టూ పొడిమంచు బూడిదరంగులోకి తిరిగి నీళ్ళు పైకి ఊరాయి. సరిగ్గా ఆ పాత జాడల మధ్యలో. ఆయన ఒక్క మాట కూడా అనకుండా తన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కొచ్చాడు. నా నోట్లో తడి లేదు.

అక్కడి నుంచి బళ్ళు తిప్పుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. స్కిడూ నడిపి తిప్పితే బరువంతా ఒకచోట పడుతుందని కొమాటిక్ విప్పి, చేత్తో లాగి తిప్పాం. తర్వాత ఒడ్డెక్కి చెట్ల మధ్య నుంచి చుట్టు తిరిగాం. గంటలో పోవాల్సింది ఐదు గంటలు పట్టింది, నా బండి రెండుసార్లు కూరుకుపోయింది. చీకటి పడ్డాక నటువాషిష్ చేరాం. అరిసెలు రాళ్ళయ్యాయి. పెద్దాయన ఒకటి తీసి, తూక్ మొనతో కొట్టి చూసి, దీని మీద బండి కూడా పోతుందన్నాడు.

ఆ రాత్రి ఆయన చెప్పిందే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది. బండరాయి దాటాక మలుపు అనేది ఆయన తండ్రి చెప్పిన గుర్తట. అంతవరకూ గట్టిగా ఉంటుందనే నమ్మకం మీదే అక్కడ ఎవరూ పొడిచి చూడరు. గడ్డ ముదిరేలోపే పొడిమంచు దుప్పటిలా పడితే చలి కిందికి దిగదు, గడ్డ పెరగదు. ఆ బరువుకి గడ్డ కుంగి నీళ్ళు పైకొచ్చినా, పైనున్న తెలుపు దాన్ని దాచేస్తుంది. ఇంతకుముందు డిసెంబరు చలికి గడ్డ ముందు గట్టిపడేది, పొడిమంచు తర్వాత పడేది. ఇప్పుడు ఆ వరస తప్పుతోంది. తూక్ అబద్ధం చెప్పదు, కానీ ఎక్కడ పొడవాలో అది చెప్పదు. ఆ చోటు చెప్పే పాతవాళ్ళ జ్ఞాపకం ఒక్కోచోట పనికిరాకుండా పోతోంది. మాది ఉప్పాడ. అలలకి బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిపోయిందో చూసినవాణ్ణి కాబట్టి ఈ బాధ నాకు విడమరచి చెప్పనక్కర్లేదు.

2009-10 చలికాలం ఇక్కడ మరీ వెచ్చగా గడిచిందట, ఇప్పటికీ దాన్ని చెప్పుకుంటారు. ఆ దెబ్బకే గడ్డ మందం కొలిచే స్మార్ట్‌ఐస్ అనే పని మొదలైంది. గడ్డలో పాతిపెట్టే కడ్డీ ఒకటి, స్కిడూ వెనక లాగే పెట్టె ఒకటి. ఉప్పునీళ్ళలో కరెంటు బాగా పారుతుంది, గడ్డలో పారదు. ఆ తేడాని బట్టి కింద నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో ఆ పెట్టె లెక్కకడుతుంది. మా ఊరి మనుషులే దాన్ని లాక్కెళ్ళి కొలుస్తారు. మేం ఆ రోజు బయల్దేరేముందు ఆ కొలతలు చూసుకోలేదు, తప్పు పూర్తిగా మాదే. ఇప్పుడు ముందు అది చూస్తాను, తర్వాత తూక్ తీస్తాను. పెద్దాయన కూడా ఫోన్‌లో ఆ కొలతలు చూపించమంటాడు, ఒప్పుకోడు గానీ.

కొనాలా అంటే, నా సంగతి చెప్తాను. నేను చలికాలంలో మూడు నాలుగు సార్లకి మించి పోను, ఎప్పుడూ ముందు ఇంకొకరు ఉంటారు. ఒక్కణ్ణే పోవాల్సి వస్తే దీన్ని నమ్ముకుని పోను. మొదట ఆన్‌లైన్‌లో తెప్పించిన అల్యూమినియం కర్ర చేతి తొడుగులోంచి కూడా చలి దించేది, పైగా దేని మీద కొట్టినా ఒకటే మోత. ఇప్పుడు వాడేది పెద్దాయన చేసిచ్చింది. పాత ట్రక్కు కమాను పట్టీ అరగదీసి మొన చేశాడు. పిడి ఒకసారి విరిగితే మార్చాను. పక్కన నిలబడి కొట్టి వినిపించే మనిషి మీకు దొరికితే తీసుకోండి.

అల్యూమినియం కర్ర పారెయ్యలేదు. గుమ్మం మెట్ల మీద గడ్డ పగలగొట్టడానికి బాగుంది.