మావిక్ 3 థర్మల్: నలుగురున్న రెక్కీ టీమ్‌కి సరిపోతుందా?

మిలిటరీ డ్రోన్ అనగానే ఏదో రన్‌వే మీంచి లేచేది అనుకోకండి, ఇది 2022లో డీజేఐ అనే చైనా కంపెనీ దించిన మడత డ్రోన్, అసలు పుట్టింది కరెంటు లైన్ల చెకింగ్‌కీ ఫైర్ సర్వీసుకీ, బరువు 920 గ్రాములు. రెక్కీ కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చేవాణ్ణి కాబట్టి ఈ టైపు చవక డ్రోన్లు చాలానే ఎగరేశా, కొన్ని విరగ్గొట్టా కూడా, అందుకే ఈ గోల.

ముందు మంచి చెప్తా. గుట్ట అవతల ఏముందో చూడ్డానికి ఇద్దర్ని పాక్కుంటూ పంపే పని తప్పింది, అదొక్కటి చాలు నాకు. 56 రెట్లు జూమ్ అని గొప్పగా రాస్తారు గానీ లెన్స్‌తో వచ్చేది 7 రెట్లే, మిగతాదంతా డిజిటల్‌గా సాగదీయడమే, కానీ ఆ 7 రెట్లకే పని జరిగిపోతుంది. వేడిని బట్టి బొమ్మ చూపించే థర్మల్ కెమెరా 640 బై 512 పిక్సెళ్ళు, ఈ సైజులో బానే ఉన్నట్టు లెక్క. ఒకటే చిక్కు, పొద్దుగూకిన కొత్తలో బండలు ఇంకా వేడి మీదే ఉంటాయి, స్క్రీన్ మీద అన్నీ తెల్లమచ్చలే, ఏది మనిషో ఏది రాయో ఎవడు చెప్తాడు, అదే తెల్లారుజామున చూడండి, పొదలో పడుకున్న కుక్క కూడా దీపంలా కనిపిస్తుంది.

ఇక బ్యాటరీ. 45 నిమిషాలు అంటారు, అది గాలి లేని చోట తీసిన లెక్క. వెళ్ళాలి, అక్కడ నిలబడి చూడాలి, 30 శాతం ఉండగానే వెనక్కి తిప్పాలి, ఎదురుగాలి ఉంటే ఇంకా ముందే, అంటే చేతికొచ్చేది పాతిక నిమిషాలు అనుకోండి. మోసేది డ్రోన్ కాదు, బ్యాటరీలూ వాటిని ఛార్జ్ చేసే సరంజామా. చలిలో అయితే బ్యాటరీని చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకుని ఎగరేసే ముందే తీయాలి, లేకపోతే 60 శాతం చూపించిందల్లా ఒక్కసారిగా దిగిపోతుంది. వాన రేటింగ్ లేదు, చినుకు పడితే బ్యాగులోకే.

అసలు భయం సిగ్నల్‌తో. రిమోట్ నడిచేది 2.4, 5.8 గిగాహెర్ట్జ్ మీద, అందరికీ తెలిసిన బ్యాండ్లే, అడ్డు సిగ్నల్ కొట్టి జామ్ చేసేవాడికి పెద్ద కష్టమేం కాదు. పైగా డ్రోన్ ఎక్కడుందో, ఎగరేసేవాడు ఎక్కడున్నాడో రెండూ పట్టిచ్చే ఏరోస్కోప్ అనే రిసీవర్ ఆ కంపెనీయే అమ్మింది. అమెరికా ఆర్మీ 2017లోనే డీజేఐ వాడకం ఆపెయ్యమంది, 2022 ఏప్రిల్‌లో కంపెనీయే రష్యా ఉక్రెయిన్ రెండుచోట్లా అమ్మకాలు ఆపింది, అయినా రెండువైపులా చేతుల్లో ఇవే. అక్కడి యుద్ధం మీద బ్రిటన్‌లోని రూసీ అనే రక్షణ పరిశోధన సంస్థ 2022లో ఇచ్చిన రిపోర్ట్‌లో క్వాడ్‌కాప్టర్, అంటే ఇలాంటి నాలుగు ఫ్యాన్ల డ్రోన్, సగటు ఆయుష్షు మూడు ఫ్లైట్లు అని రాశారు. మూడంటే మూడు! అది చదివాక నేను డ్రోన్‌ని సామానులా చూడ్డం మానేశా, తూటాల లెక్కలో వేసేశా.

ఒకసారి జరిగింది చెప్తా, అది వేరే డ్రోన్, పేరెందుకులే. ఒక చెట్టు కింద లేపి, ఓ మూడొందల మీటర్లు నడిచి పొదల్లో కూర్చున్నాం, మధ్యలో లింక్ తెగింది. కుర్రాడు గాభరాగా "సార్, మన దగ్గరికి రావట్లేదు, చెట్టు దగ్గరికే పోతోంది సార్" అంటాడు. పోదా మరి, లింక్ తెగితే తిరిగి రావాల్సిన చోటు, అదే హోమ్ పాయింట్, అక్కడే పెట్టాం కదా. లైట్లు మిణుకుమిణుకుమంటూ తుమ్మెదలా రొద పెట్టుకుంటూ అంతెత్తునుంచి తిన్నగా దిగి చెట్టు కింద కూర్చుంది. అప్పుడు వాణ్ణి తిట్టా గానీ రాత్రి పడుకుని ఆలోచిస్తే అది మా నెత్తిమీదకి రాకపోవడమే మంచిదైంది, ఎవడన్నా దాని వెనకే చూపు పెట్టి ఉంటే వాడికి దొరికేది చెట్టే కదా. అప్పట్నుంచి కావాలనే దూరంగా లేపుతున్నాం, లైట్ల మీద నల్లటేపు.

సైన్యాలు వాడే బుల్లి డ్రోన్ బ్లాక్ హార్నెట్ 3తో పోల్చమంటారు కొందరు. అది 33 గ్రాములు, జేబులో పడుతుంది, దాదాపు చప్పుడుండదు, పాతిక నిమిషాలు ఎగురుతుంది, బావుంది, కానీ ఆ రేటు పెట్టింది పోతే రిపోర్ట్ రాయడానికే వారం పడుతుంది. మావిక్ పోతే ఇంకోటి తీస్తారు, అంతే.

నా మార్కులు 5కి 3.5, థర్మల్ లేకపోతే 2.5 ఇచ్చేవాణ్ణి. తీసుకుంటే రెక్కలు రెండు సెట్లు ఎక్స్‌ట్రా పెట్టుకోండి, చివర చిన్న గాటు పడినా వీడియో వణుకుద్ది, చప్పుడు కూడా పెరుగుద్ది, గోటితో అంచు మొత్తం తడిమి చూశాకే లేపండి.