లవ్ ది ఫిలిప్పీన్స్: మన ఊరికి రమ్మని పక్క ఊరి పొలం చూపించిన వీడియో

2023 జూన్ 27న మనీలాలో ఫిలిప్పీన్స్ పర్యాటక శాఖ ‘లవ్ ది ఫిలిప్పీన్స్’ అనే కొత్త నినాదంతో ఈ వీడియో విడుదల చేసింది. చేసిచ్చింది డీడీబీ ఫిలిప్పీన్స్ అనే ప్రకటనల ఏజెన్సీ. పర్యాటక ప్రకటనగా దీనికి అయిదులో ఒకటి కూడా ఇవ్వలేం.

అందులోని మెట్ల వరిమళ్లు ఇండోనేషియావి. వల విసిరే జాలరి థాయిలాండ్ వాడు. ఇసుక తిన్నెల్లో ఒక షాట్ బ్రెజిల్‌ది, ఇంకొకటి యూఏఈది. విమానం స్విట్జర్లాండ్‌లో తీసినది. అన్నీ స్టాక్ సైట్లలో, అంటే ఎవరో ముందే తీసి ఎవరైనా వాడుకునేందుకు పెట్టిన చోట, దొరికే క్లిప్పులే. ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావో కొండల్లో వాళ్ల సొంత మెట్ల పొలాలు 1995 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. ఇసుక దిబ్బలు అక్కడి లూజాన్ దీవి ఉత్తరాన పావాయ్‌లో ఉన్నాయి. ఏడు వేలకు పైగా దీవులున్న దేశంలో వల విసిరే మనిషి దొరకలేదంటే కడుపు మండుతుంది.

ఇది లోపలివాళ్లను ఉత్సాహపరచడానికి చేసిన మూడ్ వీడియో, అంటే ప్రచారం ఎలా ఉండబోతుందో రుచి చూపే నమూనా అని ఏజెన్సీ వివరణ ఇచ్చింది. మూడ్ వీడియోలో స్టాక్ వాడటం తప్పేమీ కాదు. షూటింగ్‌కి ముందు క్లయింటుకు ఊహ అందించాలంటే వేరే దారి లేదు. ఆ ఫైలు ఆఫీసు గడప దాటడమే తప్పు. అసలు వీడియోలోకి స్టాక్ రావడానికి మూలం సాధారణంగా తేదీల దగ్గర ఉంటుంది. ఉదాహరణకు మన అరకులో వలిసె పూలు నవంబరు, డిసెంబరుల్లో పూస్తాయి. మేలో ఆర్డరిచ్చి జూన్‌కి వీడియో కావాలంటే ఎడిటర్ వెతికేది స్టాక్ సైట్లోనే. దేశం పేరు లేకుండా ‘వరి పొలం, డ్రోన్’ అని కొడితే ఎక్కడి పొలమైనా వస్తుంది. డౌన్‌లోడ్ చేసి ఎడిటింగ్ టైమ్‌లైన్‌లోకి లాగాక ఫైలు పేరులో చాలాసార్లు మిగిలేది ఒక నంబరే. ఆ పొలం ఎక్కడిదో అక్కడితో మాసిపోతుంది.

క్లయింటు వైపూ పాఠం ఉంది. అన్నీ అసలువేనా అని పదేపదే అడిగామని, ఏజెన్సీ అవునందని శాఖ ప్రకటించింది. నోటి మాటతో ఆగకూడదు, షాట్ల పట్టీ రాయించుకోవాలి: టైమ్‌కోడ్ (వీడియోలో ఆ షాట్ వచ్చే సమయం), ఊరు, తీసిన తేదీ, తీసినవారు, ఒరిజినల్ ఫైలు పేరు, లైసెన్సు. నిమిషం వీడియోకి రెండు సెకన్లకో షాట్ లెక్కన ముప్పై వరసలు, ఒక పూట పని. ఒక్క గడి ఖాళీగా ఉన్నా చివరి బిల్లు ఆపాలి. ప్రతి షాట్‌లోంచి ఒక ఫ్రేమ్ తీసి రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (బొమ్మ ఇస్తే అది నెట్‌లో ఇంకెక్కడుందో వెతికేది) వేస్తే స్టాక్ చాలావరకు పట్టుబడుతుంది. మూడ్ వీడియో అయితే ప్రతి ఫ్రేమ్ మీదా ‘నమూనా’ అని అడ్డంగా, వీడియోలో కలిసిపోయేలా ముద్ర కొట్టాలి. పక్కన సన్నగా వేస్తే ఎవరో ఒకరు కత్తిరించేస్తారు.

జూలై 2న ఏజెన్సీ క్షమాపణ చెప్పింది. మర్నాడే శాఖ ఒప్పందం రద్దు చేసింది. ప్రచారం బడ్జెట్ 4.9 కోట్ల పెసోలు. వీడియో ఖర్చు మాత్రం తామే పెట్టుకున్నామని ఏజెన్సీ చెప్పింది.

నినాదం కూడా బలహీనమే. ‘ప్రేమించండి’ అంటే ఎందుకో చెప్పాలి కదా! 2012 నాటి ‘ఇట్స్ మోర్ ఫన్ ఇన్ ది ఫిలిప్పీన్స్’ (ఫిలిప్పీన్స్‌లో అయితే ఇంకా సరదా) ఇంతకంటే ఎంతో మెరుగు. ఏది సరదా అన్న మొదటి మాట జనానికి వదిలేసింది. వాళ్లు తమ ఫొటోలు పెట్టి, పైన తమకు తోచిన పని పేరు రాసి పంచుకున్నారు.