నాలుగు రకాల టీకానా, తొమ్మిది రకాల టీకానా: ఆడపిల్లకు ఏది మేలు?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పిల్లల డాక్టరు దగ్గర గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా మాట ఎత్తితే సాధారణంగా రెండు పేర్లు వినిపిస్తాయి: పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సెర్వావాక్, విదేశీ కంపెనీ అయిన మెర్క్ తయారుచేసే గార్డాసిల్ 9. మొదటిది డోసుకు రెండు వేల రూపాయల చుట్టూ ఉంటే, రెండోది పది వేలు దాటుతుంది. ఇంత తేడాకు తగిన లాభం ఉందా అన్నదే తేల్చుకోవలసిన విషయం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు అన్ని సందర్భాల్లోనూ హెచ్‌పీవీ వైరస్ వల్లే వస్తుంది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 70 శాతం కేసులకు ఈ వైరస్‌లోని 16, 18 నంబర్ల రకాలే కారణం కాగా, మన దేశంలో వీటి వాటా ఇంకా ఎక్కువ. ఈ రెండు రకాలనూ, జననాంగాల దగ్గర వచ్చే పులిపిర్లకు కారణమయ్యే 6, 11 రకాలనూ రెండు టీకాలూ అడ్డుకుంటాయి. గార్డాసిల్ 9 అదనంగా 31, 33, 45, 52, 58 రకాల మీద కూడా పనిచేస్తుంది కాబట్టి, రక్షణ పరిధి 90 శాతం దాకా పెరుగుతుంది. స్తోమత ఉన్నవారు దాన్నే వేయించవచ్చు. కానీ ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో పెద్దమ్మాయికి ఖరీదైనది వేయించి, చిన్నమ్మాయిని వచ్చే పంట దాకా ఆపడం కంటే, ఇద్దరికీ సెర్వావాక్ వేయించడమే నా దృష్టిలో మేలు.

ఎందుకంటే ఇక్కడ రకాల సంఖ్య కంటే వయసే ముఖ్యం. అప్పటికే సోకిన వైరస్‌ను ఏ టీకా కూడా తొలగించదు, కాబట్టి అది సోకే వయసు రాకముందే వేయించాలి. 9 నుంచి 14 ఏళ్ల వయసులో ఆరు నెలల ఎడంతో రెండు డోసులు సరిపోతాయి. 15 నిండాక మొదలుపెడితే మామూలుగా మూడు రాస్తారు, అంటే వాయిదా వేసినకొద్దీ ఖర్చే పెరుగుతుంది. 9 నుంచి 20 ఏళ్ల వారికి ఒక్క డోసు కూడా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. పాలమూరు నుంచి వలస వెళ్లే కుటుంబాలు బయలుదేరే ముందు ఒక డోసు, తిరిగి వచ్చాక రెండోది వేయించవచ్చు. ఆరు నెలలు దాటినా మళ్లీ మొదటి నుంచి వేయించనక్కరలేదు.

ఖమ్మం జిల్లాలో 2009లో హెచ్‌పీవీ టీకా వేసిన తర్వాత కొందరు బాలికలు చనిపోయారన్న భయం ఇప్పటికీ కొందరిలో ఉంది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, కానీ హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టడం వంటి తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. కాబట్టి వేయించే ముందు తల్లిదండ్రులు ప్రశ్నలు అడగడం అనుమానం కాదు, వారి హక్కు. వేశాక కళ్లు తిరిగే అవకాశం ఉంది కనుక పిల్లను పదిహేను నిమిషాలు కూర్చోబెట్టే పంపాలి.

ఇక తల్లి విషయానికి వస్తే, ముప్పై దాటిన ఆమెకు టీకా కంటే పరీక్షే ముందు. గర్భాశయ ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చలు కనిపిస్తాయేమో చూసే పరీక్షను శిక్షణ పొందిన నర్సు కూడా చేయగలదు. 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. ఏ టీకా వేయించుకున్నా, కూతురు కూడా ఆ వయసుకు వచ్చాక ఈ పరీక్షకు వెళ్లవలసిందే.