పాత టేకు సామానుకు లక్కా, మెలమైనా, పీయూనా: ఏది మేలు?

పాత పడక్కుర్చీనో, టేకు బల్లనో ఇంట్లోనే బాగుచేసుకుందామని కూర్చుంటే మొదటి గొడవ పాలిష్ దగ్గరే. హార్డ్‌వేర్ షాపువాడు మెలమైన్ డబ్బా తీస్తాడు. అపార్ట్‌మెంట్లకు పనిచేసే వడ్రంగి పీయూ (పాలీయురెథేన్) అంటాడు. పెద్ద వయసు వడ్రంగి లక్క తప్ప మరో మాట ఎత్తడు. ఎవరి పనికి వాళ్ల మాట సరైనదే. కానీ స్ప్రే గన్నూ కంప్రెసరూ లేకుండా, వరండాలో బ్రష్షూ గుడ్డముక్కతో చేసుకునేవాళ్ల లెక్క వేరు. ఎంత మెరుస్తుందన్నది తర్వాత సంగతి. రేపు మచ్చపడితే మన చేత్తో మనమే సరిచేసుకోగలమా అన్నది ముందు చూడాలి. పైగా మన ఉత్తరాంధ్ర తీరంలో ఇచ్ఛాపురం నుంచి పూసపాటిరేగ దాకా సముద్రగాలి తగిలే ఊళ్లు. ఇక్కడి తేమలో మూడు పాలిష్‌లూ మూడు రకాలుగా పాడవుతాయి.

ఉన్న పాలిష్ ఏదో తేలకుండా కొత్తది కొనొద్దు. కుర్చీ అడుగున కనబడని చోట పాలిష్ స్పిరిట్‌ (డీనేచర్డ్ ఆల్కహాల్)లో ముంచిన దూదిని ఒక నిమిషం ఆనించి ఉంచండి. మెత్తబడి వేలికి జిగురుగా అంటుకుంటే అది లక్క. స్పిరిట్‌కు లొంగక ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కు కరిగితే లాకర్ అనే వేరే రకం పాలిష్. రెండింటికీ కదలకపోతే మెలమైన్, పీయూ, లేదంటే ఎండి గట్టిపడిన పాత వార్నిష్. తాతల నాటి సామానైతే చాలావరకు లక్కే తేలుతుంది. ఈ పరీక్ష ఎందుకంటే, లక్కలో సహజంగానే కొంత మైనం ఉంటుంది. దాని మీద నేరుగా పీయూ వేస్తే మొదట్లో అద్దంలా ఉంటుంది, కొన్నాళ్లకు గోరు తగిలితే చాలు పెచ్చులుగా లేస్తుంది. పీయూ వేయదలిస్తే పాత లక్కను స్పిరిట్‌తో పూర్తిగా కడిగేయాలి. లక్క మీద లక్క వేయడానికి ఆ బాధ లేదు. కొత్త పూతలోని స్పిరిట్ పాత పూతను కాస్త కరిగించి తనలో కలుపుకుంటుంది. పాత సామానుకు లక్కే మేలనడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

చెక్క తయారీ మూడింటికీ దాదాపు ఒకటే. 120, 180, 220 నంబర్ల ఎమ్రీ కాగితాలతో వరసగా, నార వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీత అప్పుడు కనబడదు, పాలిష్ పడ్డాక దాచినా దాగదు. ఉక్కు పీచు వాడకండి. దాని తునకలు నారలో ఇరుక్కుని, తేమ తగిలి, టేకు మీద నల్ల చుక్కలవుతాయి. పాత మేకుల చుట్టూ ఉండే నల్లమచ్చలూ అలా వచ్చినవే. లీటరు వేడినీళ్లలో 50 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కలిపి రాస్తే అవి పోతాయి. అది విషం, చేతులకు తొడుగులు ఉండాలి. తర్వాత రెండుమూడు సార్లు మంచినీళ్లతో కడిగి, రెండు రోజులు నీడలో ఆరబెట్టాలి. పనస చెక్కకు ఇంకో చిక్కుంది. బొబ్బిలి వీణకు వాడే కర్ర అదే. కోసినప్పుడు పసుపు, వెలుగు తగిలేకొద్దీ గోధుమరంగు. మరక ఉన్నచోట మాత్రమే రుద్దితే అక్కడ పసుపు మచ్చ తేలుతుంది. రుద్దితే పలక మొత్తం రుద్దాలి.

లక్క పాలిష్ కలపడం తేలికే. ఒక కుర్చీకి 100 గ్రాముల లక్క పెచ్చులు, 600 మిల్లీలీటర్ల స్పిరిట్ చాలు. గాజు సీసాలోనే నానబెట్టాలి, ఇనప డబ్బాలో పెడితే నల్లబడుతుంది. రాత్రంతా నానాక కలియబెట్టి, పాత పంచె గుడ్డలో వడగట్టి, సీసా మీద తేదీ రాసుకోండి. కలిపి ఆరు నెలలు దాటిన లక్క సరిగా ఆరకపోవచ్చు. అనుమానమొస్తే గాజుముక్క మీద ఒక చుక్క వేసి చూడండి. మర్నాటికీ జిగురుగానే ఉంటే పారబోయడమే. టేకు నార గుంటలు పూడ్చడానికి సుద్ద పొడిని ఇదే ద్రవంతో ముద్ద చేసి, కాస్త కావి రంగు కలిపి అడ్డంగా రుద్ది తుడవాలి. రంగు కలపకపోతే కొన్నాళ్లకు గుంటల్లో తెల్లచుక్కలు బయటపడతాయి.

పూతకు నిమ్మకాయంత దూదిని ఉతికిన నూలుగుడ్డలో చుట్టి వాడతారు. లోపలి దూదికి లక్క పట్టించి, గుడ్డ తడిగా ఉండాలి గానీ కారకూడదన్నంతవరకు పిండాలి. గుడ్డ పట్టేస్తుంటే ఒకే ఒక్క చుక్క అవిసె నూనె. చెయ్యి కదులుతూనే ఉండాలి. మధ్యలో ఆపారా, కింది పూత మెత్తబడి గుడ్డతో పాటు ఊడొస్తుంది. ఒక విడతకు మూడునాలుగు పల్చని పూతలు, ఆపైన గంట విరామం. రెండుమూడు రోజుల్లో ఎనిమిది పది పూతలయ్యేసరికి లోతైన మెరుపు వస్తుంది. మధ్యలో ఒకసారి 400 కాగితంతో తేలిగ్గా తుడవాలి.

ముసురు పట్టిన రోజున మాత్రం లక్క జోలికి వెళ్లొద్దు. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు చెక్క పైభాగం చల్లబడుతుంది, గాలిలోని తేమ అక్కడ చేరి పూతలో చిక్కుకుంటుంది. తెల్లటి పొగ పట్టినట్టు కనబడేది అదే. గాభరాపడి గీకేయకండి. ఎండకాసే రోజు చూసి, గుడ్డకు స్పిరిట్ తగిలీ తగలనట్టు పట్టించి ఒక్కసారి నిమిరితే పోతుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఉగాదిలోపు ముగించుకుంటే ఈ బెడద తక్కువ. హుద్‌హుద్ తుపాను 2014లో, తిత్లీ తుపాను 2018లో, రెండూ వచ్చింది అక్టోబరులోనే. దసరా సెలవులున్నాయి కదా అని అప్పుడు పాలిష్ పెట్టుకోవడం తెలివైన పని కాదు.

లక్క బలహీనతలూ చిన్నవి కావు. వేడి టీ గ్లాసు పెడితే తెల్ల వలయం, శానిటైజర్ ఒలికితే గుంట, సబ్బునీళ్లతో తుడిస్తే మెరుపు గోవిందా. అందుకే రోజూ అన్నాలు తినే బల్లకు లక్క వద్దు.

ఆ బల్లకు పీయూ సరైనది, అదీ బ్రష్షుతో వేసే ఒకే డబ్బా రకం. రెండు డబ్బాల రకం ఇంకా గట్టిదే. కానీ దాని హార్డెనర్‌ (పూతను గట్టిపరచడానికి కలిపే రెండో డబ్బా ద్రవం)లోని ఐసోసైనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు మంచిది కాదు, గన్నుతో కొట్టడమైతే ఇంట్లో అసలే కూడదు. పైగా ఆ హార్డెనర్ గాలిలోని తేమతో కలిస్తే వాయువు పుట్టి పూతలో బుడగలొస్తాయి. మూత సరిగా పెట్టని డబ్బా మన తీరంలో కొద్ది రోజుల్లోనే గడ్డకడుతుంది. ఏ రకమైనా టేకుకు ఒక జాగ్రత్త కావాలి. చెక్కలోని సహజ నూనె పీయూను ఆరనివ్వదు, పట్టుకోనివ్వదు. పూతకు కాస్త ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే మొదలుపెట్టాలి. డబ్బాను ఊపకుండా పుల్లతో నెమ్మదిగా కలపాలి, ఊపితే బుడగలు. మొదటి పూత కొంచెం పల్చగా, ఆపైన రెండు మామూలుగా. మధ్యలో డబ్బా మీద రాసినంత సేపు ఆగి, 320 కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దాలి. తొందరపడి ఆ మెట్టు దాటేస్తే పూతకు పూత అంటదు. గీత పడితే ఆ ఒక్కచోట అతుకు వేయడం కష్టం, పలకంతా రుద్ది మళ్లీ వేయాల్సిందే.

మెలమైన్ ధరకు ధర, మెరుపుకు మెరుపు అనిపిస్తుంది. అది గన్ను పట్టిన చేతికి. యాసిడ్‌తో గట్టిపడే రకం కాబట్టి, దాన్నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ ఆవిరి కళ్లు మండిస్తుంది, కిటికీలు తెరిచి ఉండాల్సిందే. కలిపాక మిగిలింది దాచుకోలేం. మెరుపు కోసం మందంగా వేస్తే కొన్నాళ్లకు పగుళ్లు. పాడయ్యాక స్పిరిట్‌కు దిగదు, రిమూవర్ పోసి గీకడమే. కొత్త ప్లైవుడ్ అలమారాకైతే సరే గానీ, పాత టేకు మీద మొదటిసారి చెయ్యి పెట్టేవాళ్లు దీన్ని వదిలేయడమే మంచిది.

అవిసె నూనె చాలంటారు కొందరు. లోపలి గదిలో పర్వాలేదు, తేమ గదిలో బూజు పడుతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరేయండి, లేదంటే నీళ్లలో ముంచి పడేయండి.

పేము అల్లిన కుర్చీ అయితే చెక్కకు లక్క, అల్లికకు పైవైపు మాత్రమే పల్చగా. అడుగువైపు వదిలేయండి. పేము తెగకుండా జారితే, ఆ అడుగున వేడినీళ్ల గుడ్డ అద్ది ఆరనిస్తే మళ్లీ బిగుస్తుంది. రెండువైపులా పీయూ కొడితే ఆ దారి మూసుకుపోతుంది.

వీధి తలుపుకు లక్క, మెలమైన్ రెండూ పనికిరావు. ఎండవానలకు తగినదని డబ్బా మీద రాసి ఉన్న పీయూ లేదా వార్నిష్ కావాలి, లోపలి రకం ఎండకు పొడిబారి పొట్టులేస్తుంది. తలుపును బందుల నుంచి దించి వేయండి. కింది అంచు ఎవరికీ కనబడదని వదిలేస్తారు, జల్లు నీళ్లను చెక్క అక్కడినుంచే పైకి పీల్చుకుంటుంది. ఆ అంచుకు మూడు పూతలు పడాలి, స్క్రూలు ఇత్తడివో స్టెయిన్‌లెస్‌వో అయి ఉండాలి.