ఓలెడ్ టీవీ ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

మా హాల్లో ఉన్నది 55 అంగుళాల 4కె ఓలెడ్ టీవీ. కొని నాలుగేళ్లు దాటింది. అంతకుముందు ఫుల్ హెచ్‌డీ ఎల్ఈడీ ఉండేది. టీవీ మార్చాలనుకునే బంధువులు, ఆఫీసులో వాళ్లు నన్ను అడిగేది ఒకటే, "అంత డబ్బు పెట్టొచ్చా?" అని. రాత్రిపూట లైట్లు ఆర్పి సినిమాలు చూసే అలవాటుంటే కళ్లు మూసుకుని పెట్టొచ్చు. పొద్దున్నుంచి రాత్రిదాకా న్యూస్, సీరియళ్లు నడిచే వెలుతురు హాలుకైతే వద్దనే చెబుతాను. మా ఇంట్లో ఈ రెండు రకాల వాళ్లమూ ఉన్నాం కాబట్టి రెండూ అనుభవం మీదే చెబుతున్నాను.

మనం ఎల్ఈడీ టీవీ అని పిలిచేది నిజానికి ఎల్‌సీడీయే. వెనక లైట్లు వెలుగుతూ ఉంటాయి, ముందున్న లిక్విడ్ క్రిస్టల్ పొర ఆ వెలుతురును కావాల్సినంత వదులుతుంది. కానీ పూర్తిగా ఆపలేదు. అందుకే చీకటి సీన్లలో నలుపు కాస్తా బూడిద రంగుకు తిరుగుతుంది. ఓలెడ్‌లో వెనక లైటన్నదే లేదు. 4కె తెర మీదుండే దాదాపు 83 లక్షల పిక్సెళ్లూ, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, దేనికది వెలుగుతుంది, నలుపు ఉండాల్సిన చోట ఆరిపోతుంది.

వినడానికి చిన్న తేడాలా ఉంటుంది. సినిమాస్కోప్ సినిమా పెట్టి గదిలో లైటు ఆర్పితే తెలుస్తుంది. పైనా కిందా ఉండే నల్ల పట్టీలు చీకట్లో కలిసిపోయి, తెర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనిపించదు. లాంతరు పట్టుకుని రాత్రి నడిచే మనిషి సీను వచ్చిందనుకోండి. వెలుగు పడిన చెంప మీద చెమట, నీడలో ఉన్న రెండో చెంప అంచు, తలపాగా మడతలు విడివిడిగా కనిపిస్తాయి. పాత టీవీలో ఇలాంటి సీన్లన్నీ పొగమంచులో తీసినట్టుండేవి. ఛాయాగ్రాహకులు నీడతో ఎంత పని చేస్తారో నాకు తెలిసింది ఈ తెర మీదే. ఈ ఒక్క విషయంలో దీని మీద నా ఇష్టం ఇప్పటికీ ఇసుమంత తగ్గలేదు.

4కె, అంటే పిక్సెళ్లు ఎక్కువుండటం సంగతికొస్తే అంత తేడా లేదు. మామూలు చూపున్న మనిషికి 55 అంగుళాల తెర మీద ఏడడుగులు దాటి కూర్చుంటే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా దాదాపు కనిపించదు. మన హాళ్లలో సోఫా ఉండేదే ఎనిమిది, తొమ్మిది అడుగుల దూరంలో. ఇక 8కె కోసం డబ్బు పెట్టడంలో అర్థమే లేదు. కంటికి ఆనేది హెచ్‌డీఆర్, అంటే ఒకే బొమ్మలో బాగా వెలుగునూ బాగా చీకటినీ చూపే పద్ధతి. దీపం దీపంలా మెరవాలి, పక్కనున్న చీకటి చీకటిలానే ఉండాలి.

ఇక్కడే చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. తెర ఎంత మంచిదైనా మనం దానికి పంపే బొమ్మ బాగుండాలి. డీటీహెచ్‌లో వచ్చే ఎస్‌డీ ఛానెల్లో 576 గీతల బొమ్మే ఉంటుంది. దాన్ని 2160 గీతల తెరకు సాగదీస్తే ముఖాలు అలుక్కుపోతాయి. మా అమ్మ చూసే సీరియళ్లు పాత టీవీలోనే నదురుగా ఉండేవి. ఓటీటీలోనూ ప్లాన్‌ను బట్టే బొమ్మ. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె కావాలంటే నెలకు 649 రూపాయల ప్రీమియం ప్లాన్ తీసుకోవాలి, నెట్ వేగం 15 ఎంబీపీఎస్‌కు తగ్గకూడదు. బాగా కుదించి పంపే యాప్‌లలో చీకటి సీన్లు గళ్లుగళ్లుగా విరుగుతాయి. నలుపు స్పష్టంగా ఉండే తెర మీద ఆ గళ్లూ స్పష్టంగానే కనిపిస్తాయి.

ఇంకొకటి, సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు. ఓలెడ్ పిక్సెల్ తక్షణం మారిపోతుంది కాబట్టి కెమెరా పక్కకు నెమ్మదిగా తిరిగే షాట్లలో బొమ్మ కుదుపుగా కదులుతుంది. కొన్న కొత్తలో ఇది బాగా చిరాకు పెట్టింది. కదలికను నున్నగా చేసే మోషన్ సెట్టింగ్‌ను అన్నిటికంటే తక్కువ స్థాయిలో పెట్టాక సరిపోయింది. ఎక్కువ పెడితే సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సమస్య, బర్న్ ఇన్. అంటే కదలకుండా ఒకేచోట ఉండే బొమ్మ తెర మీద మచ్చలా మిగిలిపోవడం. ఓలెడ్‌లో వెలుగునిచ్చే సేంద్రియ పదార్థం వాడుతున్నకొద్దీ అరుగుతుంది. తెర అంతా సమంగా అరిగితే ఏమీ తెలియదు. కానీ మన న్యూస్ ఛానెళ్లు ఎలా ఉంటాయో తెలుసుగా! కింద ఎర్ర పట్టీ, దాని కింద స్క్రోలింగ్, మూలన లోగో, రోజంతా అక్కడే. నాన్న కాఫీతో పాటే న్యూస్ పెడతారు. మూడో ఏడాదిలో ఒకసారి తెరంతా ఎరుపు నింపి చూస్తే కింద బెత్తెడు మేర రంగు మందగించి ఉంది, పై మూలన లోగో చోట చిన్న చతురస్రం. సినిమా చూసేటప్పుడు మామూలుగా కనిపించదు. ఆకాశమో, ఎడారో తెర నిండా ఉన్నప్పుడు మాత్రం నా కన్ను నేరుగా అక్కడికే పోతుంది. చాలా కంపెనీల వారంటీలో బర్న్ ఇన్‌కు చోటు లేదు, ప్యానెల్ మార్చాలంటే కొత్త టీవీ ధరకు దగ్గరగా అవుతుంది.

దీన్ని తగ్గించే ఏర్పాటు టీవీలోనే ఉంది. మొత్తం మీద నాలుగు గంటలు వాడాక రిమోట్‌తో ఆపితే, స్టాండ్‌బైలో కాసేపు తనను తాను సరిచేసుకుంటుంది. మన ఇళ్లలో పడుకునే ముందు బోర్డు దగ్గరే స్విచ్ కట్టేస్తారు. అలా చేస్తే ఆ పని ఎప్పటికీ జరగదు. ఓలెడ్ కొన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. రిమోట్‌తో ఆపండి, కరెంటు ఉండనివ్వండి, ఉరుములు మెరుపులైతేనే ప్లగ్ తీయండి. మా పాత టీవీని అమ్మానాన్నల గదిలో బిగించి న్యూస్ అక్కడికి మార్చాక ఆ మచ్చ ఇంకా ముదిరినట్టు లేదు.

పగటిపూట సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. తెర నిండా వెలుగు కావాల్సి వస్తే ఓలెడ్ తనంతట తనే వెలుతురు తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం క్రికెట్ చూస్తుంటే పచ్చటి గ్రౌండ్ డల్‌గా ఉంటుంది, కిటికీ ప్రతిబింబం దానికి తోడు. పరదా వేస్తే గానీ కుదరదు.

అలాంటి హాలుకు మినీ ఎల్ఈడీ మేలు. ఇదీ ఎల్‌సీడీయే, కానీ వెనక లైట్లను వందల భాగాలుగా, ఖరీదైన వాటిలో వేల భాగాలుగా విడగొట్టి దేనికది తగ్గించి పెంచుతుంది. నలుపు ఓలెడ్ అంత ఉండదు, చీకట్లో తెల్ల సబ్‌టైటిళ్ల చుట్టూ సన్నని వెలుగు చిందుతుంది. కానీ పగలు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, న్యూస్ పట్టీల టెన్షన్ లేదు, అదే డబ్బుకు ఇంకా పెద్ద సైజు వస్తుంది. క్యూలెడ్ అన్న పేరు చూసి మాత్రం ఓలెడ్ అనుకోకండి. అది క్వాంటం డాట్లనే సూక్ష్మ కణాల పొర చేర్చిన ఎల్‌సీడీ, రంగులు మెరుగవుతాయి తప్ప నలుపు మారదు. ఓలెడ్‌కే క్వాంటం డాట్లు కలిపిన క్యూడీ ఓలెడ్ టీవీలు 2022లో వచ్చాయి, రంగుల్లో మా టీవీని మించిపోతాయి. అయినా దాని కోసం ఉన్న ఓలెడ్ మార్చే ఉద్దేశం నాకు లేదు.

మీ దగ్గర బాగా నడిచే 4కె ఎల్ఈడీ ఉండి, హాలు వెలుతురుగా ఉండి, చూసేది ఎక్కువగా ఛానెళ్లే అయితే ఆ డబ్బుతో ముందు మంచి సౌండ్‌బార్ కొనండి. పలుచటి టీవీల్లో మాటలు సరిగా వినబడవు, ఇంట్లో పెద్దవాళ్లకు మరీ కష్టం. మార్చడం తప్పదనుకుంటే ధరల విషయంలో ఇప్పుడు కొంత ఊరట ఉంది. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. షాపులో తిప్పే డెమో వీడియో చూసి నిర్ణయించుకోవద్దు, పూలూ చిలకలూ ఏ తెర మీదైనా బాగానే ఉంటాయి. మీకు బాగా తెలిసిన సినిమాలో రాత్రి సీను ఒకటి, ఏదైనా ఛానెల్ రికార్డింగ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. షాపులో కళ్లు చెదిరేలా పెట్టే షాప్ మోడ్ తీయించి, మీ సోఫా ఎంత దూరంలో ఉంటుందో అంత దూరంలో నిలబడి ఆ రెండూ చూడండి.