జొటెరో: థీసిస్ రిఫరెన్సుల కోసం కొన్నేళ్లుగా వాడుతూ

మెడికల్ పీజీల థీసిస్‌లు చూసే పని మీద పడినప్పటి నుంచి జొటెరో వాడుతున్నాను. పేపర్ల వివరాలు దాచుకుని, రాసేటప్పుడు రిఫరెన్సుల లిస్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో, చరిత్ర పరిశోధన చేసే కేంద్రంలో తయారైంది. చరిత్రవాళ్లు చేసుకున్నదే అయినా డాక్టర్లకు బాగా పనికొచ్చింది.

మెడికల్ జర్నల్స్ ఎక్కువగా అడిగే వాంకూవర్ స్టైల్‌లో, పాఠంలో కనిపించిన వరుసనే రిఫరెన్సులకు నంబర్లు పడాలి. "ఈ పేరా డిస్కషన్‌లోకి మార్చమ్మా" అని గైడ్ అన్నారంటే ఆ తర్వాతి నంబర్లన్నీ కదిలిపోతాయి. వర్డ్‌లో జొటెరో ప్లగిన్ ఉంటే పేరా జరిపి రిఫ్రెష్ నొక్కడమే. జర్నల్ మారితే స్టైల్ మారుస్తాం, అంతే. ఆరుగురు రచయితల పేర్లు రాసి "ఎట్ ఆల్" (మిగతావాళ్లు) పెట్టాలా, ముగ్గురితో ఆపాలా అనే టెన్షన్ లేదు.

కానీ పేపరును లోపలికి ఏ దారిన తెచ్చామన్నది చూసుకోవాలి. డీఓఐ (ఆన్‌లైన్‌లో ప్రతి పేపరుకూ ఉండే గుర్తింపు కోడ్) ఇస్తే చాలాసార్లు టైటిల్‌లో ప్రతి మాటకూ పెద్దక్షరం వస్తుంది, జర్నల్ పొట్టిపేరు ఖాళీగా ఉంటుంది. మంత్రదండం బొమ్మ నొక్కి పీఎంఐడీ (వైద్య పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్ ఇచ్చే నంబరు) కొడితే పబ్‌మెడ్ వివరాలు వస్తాయి, దిద్దాల్సింది తక్కువ. ఇంకో లాభం కూడా ఉంది. చాట్‌బాట్ అల్లి ఇచ్చిన రిఫరెన్సులోని పీఎంఐడీ కొడితే సంబంధం లేని పేపరేదో ఊడిపడుతుంది, లేదా ఏమీ రాదు. మా పీజీ పిల్లలకు నేను చెప్పే మొదటి పరీక్ష ఇదే.

సంస్థల పేర్ల దగ్గర జాగ్రత్త. వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్‌ను మనిషి పేరులా ఇంటిపేరు, సొంత పేరు అనే రెండు గళ్లలో నింపితే, లిస్టులో "ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్" అనే రచయిత పుడతాడు! ఆ పేరును ఒకే గడిలోకి మార్చాలి. మన తెలుగువాళ్ల పేర్లది మరో తంటా. ఇంటిపేరు ముందు రాసుకుంటాం కాబట్టి ఒకే మనిషి ఒక పేపర్లో ఇంటిపేరుతో, ఇంకో పేపర్లో సొంత పేరుతో ఎక్కుతారు. తెలిసినవాళ్లే కదా అని సరిచేయకండి. పేపరు ఎలా అచ్చయిందో రిఫరెన్సూ అలాగే ఉండాలి, లేకపోతే వెతికేవాళ్లకు దొరకదు.

నాకు బాగా నచ్చింది రిట్రాక్షన్ హెచ్చరిక. రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో పోల్చి, వెనక్కి తీసుకున్న పేపరును ఎర్రగుర్తుతో చూపిస్తుంది. 2020 మేలో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ పేపరు జూన్ మొదటి వారంలోనే రద్దయింది. అలాంటివి తెలియక కోట్ చేసే ప్రమాదం దీంతో చాలావరకు తప్పుతుంది. మనం రాసిన మాట నిజంగా ఆ పేపర్లో ఉందా అన్నది మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చూడదు. ఫుల్ టెక్స్ట్ చదవాల్సిందే. వేరేవాళ్ల స్టడీలను సమీక్షించే రివ్యూ ఆర్టికల్‌లో చూసి, చదవకుండానే అసలు స్టడీని కోట్ చేసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఉచితంగా ఇచ్చే ఆన్‌లైన్ స్టోరేజీ 300 ఎంబీ. పీడీఎఫ్‌లు పెడితే తొందరగా నిండుతుంది. నేను పీడీఎఫ్‌లు లాప్‌టాప్‌లోనే ఉంచి వివరాలు మాత్రం సింక్ చేస్తాను. ఫైలు జర్నల్‌కు పంపేముందు, జొటెరోతో లింకు తెంచే 'అన్‌లింక్ సైటేషన్స్' నొక్కేది కాపీలోనే, అసలు ఫైలులో కాదు. ఒకసారి అన్‌లింక్ చేశాక ఆ నంబర్లు ఉత్త అక్షరాలే. రివ్యూయర్ ఒక్క రిఫరెన్సు కలపమన్నా మళ్లీ చేత్తో దిద్దుకోవాలి.